ఆ దేశంలో ప్రభుత్వం మారిందట

తమ్ముడూ,

పెద్ద యుద్ధంలో మూటలు మొయ్యడానికి నువ్వు నంద్యాలలో రైలెక్కి నలభై ఏళ్లు దాటింది. నిన్ను ఫ్రాన్సు దేశంలోనే పూడ్చామని అప్పట్లో ఒక కాగితం వచ్చింది. అందుకే ఆ దేశం సంగతి పేపర్లో పడినప్పుడల్లా బడి అయ్యవారితో చదివించుకుంటాను. ఈ ఎండాకాలంలో అక్కడ ప్రభుత్వం పడిపోయిందట. వయసు మళ్లిన సేనాపతి ఒకాయన మళ్లీ గద్దెనెక్కాడట. మొన్న జనమంతా ఓట్లేసి కొత్త రాజ్యాంగం తెచ్చుకున్నారట.

నాకు దిగులు పట్టుకుంది.

"మరి సమాధుల్ని ఏం చేస్తారప్పా?" అని అడిగాను.

అయ్యవారు నవ్వాడు. "ప్రభుత్వం మారితే సమాధులు యాడికి పోతాయి పెద్దమ్మా?"

"బనగానపల్లెలో నవాబు పోయినాక తోటల కాపలావాళ్లను మార్చలేదా? మావోడు యాడుండాడో తెలిసినోణ్ని తీసేస్తే ఎట్లప్పా?"

"నీ దిగులు పేపరోళ్లకు కూడా రాలేదు పో."

ఈ రోజు సమాధుల పండుగ. ఆళ్లగడ్డలో అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టుకున్నారు. సమాధుల తోట మూలన ఒక తెల్ల దొరసాని సమాధి ఉంది. ఆమెకు ఇక్కడ ఎవరూ లేరు, ఏటా సున్నం కొట్టేది నేనే. ఆమె మీద ప్రేమతో కాదు తమ్ముడూ, అబద్ధమెందుకు? ఆ దేశంలో ఎవరో ఒక ఆడమనిషి నీ సమాధి మీద ఆకులు ఊడుస్తుందని నా ఆశ.

పొద్దున ఒక పూత వేసి ఇంటికొచ్చాను. కూర్చోలేకపోయాను. ఇన్ని మార్పుల మధ్య ఆ దేశపు ఆడమనిషికి ఈ ఏడాది నీ దగ్గరికి వచ్చే తీరిక దొరికిందో లేదో. మళ్లీ పోయి దొరసాని సమాధికి రెండో పూత వేశాను.