సముద్రం ఏడు మైళ్లు

ఒరేయ్ తమ్ముడూ,

ఇవాళ మాఘ పౌర్ణమి. మన హోటలు ముందు నుంచే మంగినపూడి సముద్ర తీరానికి బస్సు వేశారు. దీనికోసం నువ్వు ఎన్ని అర్జీలు రాశావో నాకు తెలుసు. ఆ ఓపికలో సగమైనా ఈత నేర్చుకోవడానికి పెట్టావు కాదు.

బందరులో కొత్తగా దిగినవాళ్ల కోసం మన గోడ మీద నువ్వు రంగుతో రాశావు: "రైలు స్టేషను అర మైలు. బస్టాండు ఎదురుగానే. సముద్రం ఏడు మైళ్లు." మూడేళ్ల కిందట ఇదే పౌర్ణమికి, మన హోటల్లో దిగినవాళ్లను సముద్ర స్నానానికి తీసుకెళ్లావు. వాళ్ల పిల్ల కొట్టుకుపోతుంటే ఒడ్డువైపు తోసి, నువ్వు తిరిగి రాలేదు. గోడ మీది ఆ సముద్రం మాట మీద నేను సున్నం కొట్టేశాను. అప్పటినుంచీ సముద్రం సంగతి ఎవరడిగినా, దారి బాగాలేదని అబద్ధం చెబుతున్నాను.

ఇవాళ ఆ అబద్ధం చెల్లలేదు. గుడివాడ నుంచి వచ్చిన పెద్దాయన బస్సును చూసి, "సముద్రం ఎంత దూరమండీ?" అని అడిగాడు.

"ఏడు మైళ్లండీ. మోకాలి లోతు దాటి దిగకండి. పిల్లల చేతులు వదలకండి," అన్నాను. కసిరినట్టే అన్నాననుకుంటా, ఆయన నొచ్చుకున్నాడు.

వాళ్లు ఇంటిల్లిపాదీ ఐదుగురు వెళ్లారు. నాకు అన్నం సయించలేదు. సాయంత్రం బస్సు రాగానే తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. తడి బట్టల మూటతో ఐదుగురూ దిగారు. నేను మాత్రం అక్కడినుంచి కదల్లేదు.

"ఇంకెవరి కోసమండీ? బస్సు ఖాళీ అయింది," అన్నాడు కండక్టరు.

అయినా బస్సెక్కి, చివరి సీటు దాకా చూసి వచ్చానురా.