అంకుల్ గ్యారేజ్

శీనూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ గదిలో అద్దెకు దిగిన కిరణ్ ఈ ఉదయమే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు.

మొదట అతనికి జ్వరం వచ్చినప్పుడు ఫ్లూ అనుకున్నాడు. నడుం పీకేస్తోందని, మూత్రం సరిగా రావడం లేదని చెప్పాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అచ్చం నీకు మొదలైనట్టే.

“ఎలుకలున్న చోటేమైనా ఊడ్చావా?” అని అడిగాను.

“ఓనర్ అంకుల్ గ్యారేజ్ ఊడ్చానక్కా. పోయినేడు మీ తమ్ముడు శుభ్రం చేసినా మళ్లీ చేరాయన్నారు.”

నువ్వు ఊడ్చావని నాకు అప్పుడే తెలిసింది. నీకు స్పృహ లేనప్పుడు డాక్టర్ ఎలుకల గురించి అడిగితే, నా పక్కనే నిలబడి “మా ఇంట్లోనా? లేవు” అన్నది ఈ ఓనర్ అంకులే. నువ్వు పోయాక అది ఎలుకల మలమూత్రాల దుమ్ము పీలిస్తే సోకే వైరస్ అని తేలితే, ఆఫీసులో అంటుకుందన్నాడు. నమ్మాను.

ఈసారి డాక్టర్‌కు నేనే ముందుగా గ్యారేజ్ సంగతి చెప్పాను. కిరణ్ కిడ్నీలు పూర్తిగా దెబ్బతినకముందే వైద్యం మొదలైంది.

ఇందాక అంకుల్ వచ్చాడు. “ఎలుకల సంగతి సిటీ కౌన్సిల్‌కి చెప్పకమ్మా.”

“చెప్పేశాను అంకుల్. మా తమ్ముడి సంగతి కూడా చెప్పాను.”

అమ్మకానికి పెట్టిన ఈ ఇల్లు ఇక ఎవరూ కొనరని బాధపడ్డాడు. నీ పేరు మాత్రం ఎత్తలేదు.

- అక్క