బస్తా తొక్కినట్టు కాదు, కుడుములు పేర్చినట్టు

నిజామాబాద్, 12-9-1964

బాపుకు గంగమణి దండాలు. నువ్వు భయపడ్డట్టు నా ఉద్యోగం పోలేదు, ఖాయమైంది!

ఆపరేషన్ గుడ్డలు, గిన్నెలు, రబ్బరు చేతితొడుగులు డబ్బాల్లో సర్ది, ఆవిరి మిషన్లో పెట్టి క్రిములు చంపడం దవాఖానలో నా పని. మొదటివారం, నువ్వు వడ్ల బస్తా తొక్కినట్టు, గుడ్డలన్నీ ఒకే డబ్బాలో కుక్కాను. నడుమకు ఆవిరి పోలేదు. తెరిచి చూస్తే తడిముద్దలు! ఆపరేషన్ ఆగిపోయింది. పెద్ద నర్సు సారమ్మ "నీతోని కాదు, ఇంటికి పో" అన్నది. ఇంకొక్కసారి చూడమని బతిమాలాను.

మరునాడు డబ్బా ముందు కూర్చుంటే అవ్వ కుడుముల కుండ యాదికొచ్చింది. ఒకదానికొకటి ఒరుసుకోకుండా, ఆవిరికి సందు విడిచి పేరుస్తుంది కదా! గుడ్డలు వదులుగా నిలబెట్టాను. నీళ్లు నిలవకుండా గిన్నెలు పక్కకు ఒరిగించాను. తొడుగులు నలగకుండా వేరే డబ్బాలో పెట్టాను. ఆవిరి పట్టించి మూత తీస్తే గుడ్డలన్నీ ఎండలో ఆరేసినట్టు పొడిగా ఉన్నాయి! సారమ్మ నడిమి గుడ్డ దాకా చెయ్యిపెట్టి చూసింది.

"గిట్ల పేర్చుడు ఎవరు నేర్పిండ్రే?"

"మా అవ్వ."

"అయితే ఇగ ఈ మిషన్ నీదే."

బర్రె ఈనిందా? మన ఊరు వర్ని నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే నా నీలం చీర, మామిడి తొక్కు పంపు. తమ్ముణ్ణి బడి మాన్పించకు, వాడికి నా దీవెనలు.

అవ్వకు ఈ కార్డు నువ్వే చదివి వినిపించాలి. బస్తా ముచ్చట దాటేయకు. కుడుముల ముచ్చట రెండుసార్లు చదువు.