పిచ్చుక ఎడమ చెవి

జూన్ 30, మంగళవారం

పిచ్చుకకి ఎడమ చెవి వినపడటం లేదు. నిన్న పొద్దున్న లేచేసరికి పోయిందట. కంగారు పడతానని నాకు ఈరోజు చెప్పింది. ఈరోజు చెబితే పడనా?

డాక్టరు మాత్రలు రాశాడు. కొందరికి తిరిగి వస్తుందట, కొందరికి రాదట. జులై 21న టెస్టు. అప్పటిదాకా కుడి చెవికి కూడా రెస్ట్ కావాలి, హెడ్‌ఫోన్స్ ముట్టకూడదు అన్నాడు. నా మనవరాలు పిచ్చుక బతికేదే వాటితో. కొత్తగా వచ్చిన ఆల్బమ్స్ విని, ఇవి వినండి అని ప్రతి శుక్రవారం ఒక వెబ్‌సైటులో ఐదింటి గురించి రాస్తుంది. పెద్ద కంపెనీలవి కాదు. ఇళ్ళలో, గ్యారేజీల్లో సొంతంగా పాడుకునే పిల్లలవి. ఇండీ అంటారట. మూడేళ్ళలో ఒక్క వారం మానలేదు.



జులై 1, బుధవారం

లీవు పెట్టవే అంటే పెట్టనంది. తను మానేస్తే ఆ పిల్లల పాటలు ఎవరూ వినరట. నువ్వు విని చెప్పు అమ్మమ్మా, నేను రాస్తాను అంది. ఐదో క్లాసు దాటనిదాన్ని, నాకేం తెలుస్తుందే అన్నాను. వినడానికి క్లాసులెందుకు, ఏం వినపడితే అది చెప్పు అంది.

జులై 2, గురువారం, మధ్యాహ్నం 3

నా నెత్తిన హెడ్‌ఫోన్స్ పెట్టి, పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

మొదటి అబ్బాయి గిటారు వాయిస్తూ పాడుతున్నాడు. భాష తెలీదు. వెనకాల ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఇంట్లో ఒక్కడే ఉన్నట్టున్నాడు, తిన్నాడో లేదో అన్నాను. రాసుకుంది. అది రాయకే అన్నాను. అదీ రాసుకుంది. రెండో అమ్మాయి ఊపిరి తీసుకోకుండా పాడితే నాకు ఆయాసం వచ్చింది. మూడోది నలుగురి బ్యాండు. డ్రమ్స్ వాడికి మిగతా ముగ్గురి మీద కోపం. అయ్యేలోపు కలుస్తారా లేదా అని నాకు ఒకటే దడ. ఎనిమిదో పాటకి కలిశారు. అమ్మయ్య.

జులై 3, శుక్రవారం

లిస్టు పడింది. కింద, ఈ వారం విన్నది మా అమ్మమ్మ అని రాసేసింది. పరువు పోయింది.

జులై 7, మంగళవారం

పరువు పోలేదట. ఇంతమంది ఎప్పుడూ చదవలేదని ఎడిటరు ఫోన్ చేశాడట. ఆ ఫ్రిజ్ అబ్బాయి, తిన్నానని అమ్మమ్మకి చెప్పండి అని రాశాడట.

పిచ్చుక నవ్వుతూనే చెప్పింది. తర్వాత గిన్నెలు తోముతూ, నేను లేకపోయినా నడిచిపోతోంది అంది. అటు తిరిగి అంది.



జులై 9, గురువారం

ఈరోజు కావాలని పాడుచేశాను. అన్నీ ఒకలాగే ఉన్నాయే, ఒకటే డబడబా, తేడా తెలీటం లేదు అన్నాను. అబద్ధం. దానికి ఒళ్ళు మండింది. నీ తలకాయ, అలా ఎలా ఉంటాయి అంటూ పాటని స్పీకరుకి మార్చింది, సౌండు బాగా తగ్గించింది, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. ఇది వేరు, ఇక్కడ డ్రమ్ ఆగి మళ్ళీ మొదలవుతోంది చూడు అంది. నా చెయ్యి లాగి తన చేతి పక్కన పెట్టింది. నిజమే. అరచేతి కింద ఎవరో తలుపు తట్టి ఆగినట్టుంది.

సాయంత్రం దాకా పోట్లాడుకున్నాం. లిస్టు తనే రాసింది. నావి రెండు ముక్కలే ఉంచింది. కడుపు నిండింది.

జులై 16, గురువారం

ఈ వారం నాది ఒక్క ముక్కే.

జులై 21, మంగళవారం

అద్దాల గదిలో కూర్చోబెట్టారు. శబ్దం వినపడితే చెయ్యి ఎత్తాలట. కుడి చెవికి టకటకా ఎత్తింది. ఎడమ చెవి వంతు వచ్చాక చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. ఎత్తవే, ఎత్తవే తల్లీ అని బయట నేను అనుకుంటూనే ఉన్నాను. ఎత్తలేదు.

ఇక రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. కుడి చెవికి ఢోకా లేదు, సౌండు తక్కువ పెట్టుకుని వినొచ్చట. ఈ శుక్రవారానికి వినొచ్చా అని మాత్రం అడిగింది. వినొచ్చన్నాడు.

నేను ఏడవలేదు. ఏడిస్తే నన్ను ఓదార్చే పని కూడా దాని నెత్తినే పడుతుంది.

జులై 24, శుక్రవారం

ఐదూ తనే వింది. మంచం మీద వెల్లకిలా పడుకుని, హెడ్‌ఫోన్స్ కుడి చెవికి మాత్రమే పెట్టుకుని.

జులై 26, ఆదివారం

రోడ్డు మీద నేను దాని ఎడమ పక్కకి మారాను. వచ్చే వారం ఆల్బమ్ గురించి ఏదో చెప్పి, నీకేమనిపించింది అమ్మమ్మా అంది.

ఉండవే, ఇటు బండి వస్తోంది అన్నాను.