ఏసీ నీళ్ళు తాగే మొక్క

అత్తయ్యా,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నాను. కిటికీ దగ్గరున్న ఈగల్ని మింగే మొక్కకి కుళాయి నీళ్ళు పోయకండి, ఆ ఉప్పుకి చచ్చిపోతుంది. ఏసీ పైపు కింద బకెట్లో పడిన నీళ్ళే పోయండి. దాని నోట్లో వేలు పెట్టి ఆడించకండి. నిన్న మీరు ముద్దుగా తినిపించిన బిస్కెట్ ముక్క నేనే బయటికి తీశాను.

మీ అబ్బాయి ఏసీ కట్టేయబోతే, నీళ్ళు లేక మొక్క చస్తుందని అడ్డుపడండి. మనిద్దరం ఉక్కకి ఉడికిపోతున్నామంటే చెవిన పెట్టని మనిషి, మొక్క పేరు చెప్పగానే పరిగెత్తుకెళ్ళి స్విచ్ వేశారు. మీరూ హాయిగా కునుకు తీయండి.

అన్నట్టు, దానికి వాన నీళ్ళైనా సరిపోతాయి. మేడ మీద డ్రమ్ము నిండా ఉన్నాయి. ఆ మాట మాత్రం ఆయన దగ్గర అనకండి. చదవగానే ఈ చీటీ చింపేయండి. మొక్కకి తినిపించకండి.