పేరు అడగని ఫోను కార్డు

ప్రియమైన అక్కకు,

సింగపూర్ నుంచి నీ చెల్లెలు. నేను బాగున్నాను, ఒట్టు, వేళకు తింటున్నాను. బావగారి నడుము నొప్పి తగ్గిందా? చిన్నదానికి పళ్లు వచ్చాయా? ఉత్తరం మీ స్కూలుకు వచ్చిందేమిటని కంగారు పడకు. ఇంటికి వచ్చేవన్నీ నాన్నే విప్పుతారు కదా, అందుకని.

ఇక్కడ మధ్యాహ్నం వాన, సాయంత్రం ఉక్క. యూ టీ అనే పేటలో, నాన్న కుదిర్చిన ఆంటీ వాళ్ల ఫ్లాట్‌లోనే అద్దెకుంటున్నాను, రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు. ఆంటీ గోంగూర పచ్చడిలో నీ చేతి కారం లేదు. ఎవరైనా వస్తుంటే ఒక సీసా పంపు.

అసలు సంగతి. పక్క ఆఫీసులో ఇమ్రాన్ అని హైదరాబాద్ అబ్బాయి. పెళ్లంటూ చేసుకుంటే అతన్నే అక్కా. చెప్పేశాను, హమ్మయ్య.

ఇంటి ఫోనులో మాట్లాడదామంటే ఆంటీ హాల్లోనే ఉంటుంది. నా పేరున సెల్‌ఫోను కనెక్షన్ తీసుకుంటే నెలనెలా బిల్లు వస్తుంది, ఆంటీ ఎవరి కవరైనా చింపి చూసేస్తుంది. అందుకని బిల్లు రాకుండా, పేరూ ఊరూ అడగకుండా అమ్మే ప్రీపెయిడ్ సిమ్ కార్డు ఒకటి కొని సెల్‌ఫోనులో వేశాను. ఇక నేనెవరో దేవుడికి కూడా తెలియదని ఎగిరి గంతేశాను.

ఫోను కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే ఇమ్రాన్ పగలబడి నవ్వాడు. "పేరు లేకుంటే ఏమైతది? కంపెనీకి అన్నీ కనబడ్తయ్. ఆదివారం తెనాలిల మీ ఇంటికి చేస్తవ్, మిగతా దినాలు నాకు చేస్తవ్. నీ ఫోను పొద్దున యూ టీల ఉంటది, పగలు రాఫెల్స్ ప్లేస్‌ల ఉంటది. నువ్వెవరో పట్టనీకి ఇంక పేరెందుకు?"

"కంపెనీకి తెలిస్తే తెలియనీ, ఆంటీకి తెలియకపోతే చాలు" అన్నాను.

అదీ అయింది. మొన్న ట్రైన్‌లో, ఇంతమందిలో తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని అతనితో ఫోనులో గొంతెత్తి మాట్లాడుతున్నాను. "నాన్నకెలా చెప్పాలో తెలియట్లేదు ఇమ్రాన్, భయంగా ఉంది" అన్నానో లేదో, వెనక నుంచి "అమ్మాయ్, కాస్త మెల్లగా మాట్లాడు. ఇంకా ఎవరన్నా తెలుగోళ్లు ఉన్నారేమో" అని వినిపించింది. తిరిగి చూస్తే ఆంటీ! కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు నా ముఖం చూడాల్సింది నువ్వు.

ఇద్దరం కలిసే ఇంటికి వచ్చాం. కాఫీ ఇచ్చాక అంది: "రేపు భోజనానికి రమ్మను, నేనూ చూస్తా. కానీ ఉగాదికి మీ నాన్నకి ఫోన్ చేస్తాగా. ఆయన అడిగితే నేను అబద్ధం ఆడలేనమ్మా. ఈలోగా నువ్వే చెప్పుకో." నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఇమ్రాన్ వచ్చి గుత్తి వంకాయ అడిగి మరీ వడ్డించుకున్నాడు, ఆంటీ మెత్తబడింది. నాన్న అంత సులువుగా మెత్తబడరని తెలుసు. అతని పేరు వినగానే ఆయన ముఖం ఎలా మారుతుందో ఇక్కడి నుంచే కనబడుతోంది.

బావగారికి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. నాన్న కాళ్లకు నా తరఫున దండం పెట్టు. ఎందుకని అడిగితే ఊరికే అను.

ఒక్కటే కోరిక అక్కా. ఉగాదికి ముందు ఆదివారం పొద్దున ఆంటీ వాళ్ల ఇంటి ఫోను నుంచే చేస్తాను. నువ్వు నాన్న పక్కన కూర్చో, చాలు. ఫోను మాత్రం తీయకు, ఆయన్నే తీయనీ. "ఎవరూ?" అంటారుగా. నా పేరు నేనే చెబుతాను. ఆ తర్వాత అతని పేరు కూడా.

దీవించు అక్కా,
నీ మాధవి