దుప్పటి చెమట

మార్చి 9, ఆదివారం
రోలరు షెడ్డు, సాయంత్రం ఆరున్నర

అన్నయ్యకు నీ చెల్లెలు నమస్కరించి రాసేది ఏమనగా, ఇక్కడ నేను, నేల, పెద్ద రోలరు ముగ్గురం క్షేమం. చిన్న రోలరుకు మాత్రం కీళ్ళ నొప్పులు. అక్కడ నువ్వూ వదినా, మీ నర్సరీ మొక్కలూ క్షేమమని తలుస్తాను.

మర్యాదలు అయిపోయాయి. ఇక విను! గెలిచాం అన్నయ్యా! మన జట్టు కూడా గెలిచిందిలే, నాలుగంటే నాలుగు పరుగులతో. కానీ నేను చెప్పేది మన పిచ్ గెలిచిందని. ఫోన్‌లో పిచ్ ఊసెత్తితే చాలు, నువ్వు వదిన మోకాళ్ళ మీదకు మాట మార్చేస్తావు. ఉత్తరమైతే మధ్యలో అడ్డుకోలేవు, చచ్చినట్టు చదవాల్సిందే.

నిన్న ఎండ మండిపోయింది. పిచ్ మీద అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. మూడింటికి ఆకాశం ఓ మూల నల్లబడింది. అంతే, మన క్లబ్బు కార్యదర్శి గారు పరిగెత్తుకొచ్చారు, పిచ్ మీద ప్లాస్టిక్ కవర్లు వేసెయ్యమని. ఆయన కవర్లంటారు, మనకది ఎప్పుడూ దుప్పటే. నేల ఒళ్ళు చల్లారకముందు కప్పితే చెమట పడుతుందండీ, ఆరింటిదాకా ఆగండి అన్నాను. వాన పడితే నీ చెమట నేను తుడవాలా అన్నారు. ఏం చేస్తాను, కప్పాను. ఒక్క చినుకు పడితే ఒట్టు!

పొద్దున్న ఐదున్నరకు దుప్పటి లేపితే అడుగున అంతా నీటిబొట్లు. వేడి నేలలోంచి ఆవిరి లేచి, రాత్రి చల్లదనానికి ప్లాస్టిక్‌కు పట్టి, పల్లంవైపు కారిపోయింది. స్కోరుబోర్డు వైపు, సరిగ్గా బంతి పడే చోట, రెండడుగుల తడి మచ్చ. అదే వైపు, అదే మచ్చ. మూడేళ్ళ కిందట లెక్కల మాస్టారి దవడ విరగ్గొట్టిన బంతి లేచింది అక్కడినుంచే కదా. నువ్వు పిచ్ తడిపే కుళాయి కట్టెయ్యడం మర్చిపోయావని కమిటీ అంతా ఒక్క నోటితో తేల్చిందీ, నువ్వు తాళాలగుత్తి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిందీ ఆ మచ్చ మూలానే.

పైగా ఈ రోజు ఓపెనింగ్‌కు దిగేది ఎవరనుకున్నావు? ఆ మాస్టారే! దవడ విరిగాక ఇదే మొదటి మ్యాచ్.

కార్యదర్శి గారు మచ్చ చూసి, మీ ఇంట్లో అందరికీ కుళాయి మతిమరుపేనా అన్నారు. ఒళ్ళు మండింది నాకు. సంచిలోంచి కుళాయి పిడి తీసి ఆయన చేతిలో పెట్టాను. నువ్వు వెళ్ళిన రోజునుంచి ఆ పిడి ఊడదీసి నా దగ్గరే ఉంచుకుంటున్నాను. అది లేనిదే కుళాయి తిరగదు. ఆయన పిడి చూశారు, దుప్పటి అడుగున బొట్లు చూశారు, పిడి నా చేతికి తిరిగిచ్చి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చూడాలి నా అవస్థ! మబ్బు మూసుకుని ఉంది, సూర్యుడి జాడ లేదు. నువ్వు నేర్పినట్టే మచ్చ మీద గోనెసంచులు పరిచి, పైన చిన్న రోలరు నడిపి, తడి పీల్చిన సంచులు తీసి పొడివి పరిచి, మళ్ళీ నడిపి... పదకొండుసార్లు! ఎనిమిదింటికి గాలి తిరిగింది. ఎనిమిదింబావుకు ఎండ! నేను వేసిన కేకకు గేటు బయట టీ కొట్టువాడు పరిగెత్తుకొచ్చాడు, పాము కనబడిందేమోనని. అంపైరు వచ్చి ఆ చోట బొటనవేలి గోరు నొక్కి చూశాడు. నా పంచప్రాణాలూ ఆ గోటి దగ్గరే ఉన్నాయి. గోరు దిగలేదు.

తొమ్మిదిన్నరకు టాస్. మళ్ళీ కమ్ముకొస్తున్న మబ్బు చూసి పక్కూరి కెప్టెన్ బౌలింగ్ తీసుకున్నాడు. వాళ్ళ ఫాస్ట్ బౌలరు పోస్ట్‌మ్యాన్. మూడో ఓవర్లో వాడు వేసిన బంతి సరిగ్గా ఆ చోటే పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. టక్కుమంది. కళ్ళు తెరిస్తే బంతి మాస్టారి కాళ్ళ దగ్గర బుద్ధిగా ఆగి ఉంది. నడుమెత్తుకు లేచిందట, అంతే. ఆ తర్వాత కూడా ప్రతిసారీ అంతే ఎత్తు అన్నయ్యా!

అలాగని పరుగులు ఊరికే రాలేదు. ఆ మబ్బుకు బంతి గాలిలో వంకర్లు పోయింది, తేమ ఆరని పచ్చిక మీద పడి అటోసారి ఇటోసారి జరిగింది. గంటలో మూడు వికెట్లు బట్వాడా చేశాడు పోస్ట్‌మ్యాన్. పదకొండింటికి మబ్బు విడింది. నేల గట్టిపడింది, వంకర్లు మాయం. మాస్టారు డెబ్బై నాలుగు కొట్టారు! మధ్యాహ్నమంతా కాసిన ఎండకు పైపొర ఎండి సన్నగా బీటలు తీసింది. సాయంత్రం మన దర్జీ స్పిన్ వేస్తుంటే బంతి బొంగరమే. చివరి వికెట్టు ఎవరిదంటావు? పోస్ట్‌మ్యాన్‌దే! బ్యాటు ఓ అడ్రసుకు పంపాడు, బంతి ఇంకో అడ్రసుకు వెళ్ళింది, స్టంపులు ఎగిరిపోయాయి.

ఒకే నేల, ఒకే రోజు, వాతావరణాన్నిబట్టి మూడు రకాలుగా ఆడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అంపైరు నా చెయ్యి పట్టుకుని, ఇంత నిజాయితీగల పిచ్ ఈమధ్య చూడలేదమ్మా అన్నాడు. నేను నవ్వాననుకో, కానీ ఆ మాట గుచ్చుకుంది.

మాస్టారు ప్యాడ్లు విప్పుకుంటూ నన్ను పిలిచారు. పొద్దున్న మచ్చ సంగతి కార్యదర్శి గారు చెప్పారట. లెక్క సరిపోవట్లేదమ్మా అన్నారు. ఈ తడి చెమట వల్లే అయితే, మూడేళ్ళ కిందటిదీ చెమటే కావాలి. కానీ ఆ మ్యాచ్ ముందురోజు నేల చల్లారాక ఆరింటికే కప్పారని కదా కమిటీకి చెప్పారు, మరి చెమటెలా పట్టిందీ అని. ఊరికే అంటారా లెక్కల మాస్టారని!

ఆయనకు జవాబు చెప్పాను. నీకూ కింద రాస్తున్నాను. వదినకు నా నమస్కారాలు. కూర్చుని చదువు.

ఇట్లు,
మట్టిచేతుల
నీ చెల్లెలు

తా.క. ఆ రోజు దుప్పటి కప్పింది ఆరింటికి కాదన్నయ్యా, మూడింటికి. నువ్వు మట్టి తేవడానికి వెళ్ళావు. సినిమాకు వేళవుతోందని నా స్నేహితురాలు గేటు దగ్గర తొందరపెడుతోంది. నేల కాలుతుండగానే కప్పేసి వెళ్ళిపోయాను. మర్నాడు ఎన్నింటికి కప్పావని నువ్వు అడిగితే ఆరింటికని చెప్పాను. నువ్వు నన్ను నమ్మావు, నమ్మి నిన్ను నువ్వు అనుమానించుకున్నావు. ఇప్పటికీ నర్సరీలో కుళాయి కట్టేశాక మూడుసార్లు వెనక్కి వెళ్ళి చూస్తావని వదిన చెప్పింది. అది విన్నాక కూడా నోరు విప్పలేకపోయాను, సిగ్గులేనిదాన్ని. ఇందాక కమిటీకి అంతా రాసిచ్చి, తాళాలగుత్తి నువ్వు పెట్టిన బల్ల మీదే పెట్టాను. నన్ను ఉంచుతారో పంపిస్తారో వాళ్ళ ఇష్టం, తిడతావో క్షమిస్తావో నీ ఇష్టం. కుళాయి పిడి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను, దాని అవసరం ఇక లేదు. ఆ రోజు నువ్వు కుళాయి గట్టిగానే కట్టేశావు.